పొద్దునకల్లా ఎడమ పక్క వంగిపోతున్న ఎయిర్ సస్పెన్షన్ బండి: నిజంగా స్ట్రట్లు మార్చాలా?

మియాపూర్_వాసి | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ ఎస్‌యూవీ, నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులు. ఏడాది కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 96 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. పేరు రాస్తే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న దాని మీదికి పోతుంది. నాకు కావలసింది తప్పు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి.

రాత్రి సెల్లార్‌లో పెట్టినప్పుడు బండి బాగానే నిలబడి ఉంటుంది. పొద్దున చూస్తే మొత్తం కిందికి దిగి ఉంటుంది. ముందు ఎడమ మూల ఇంకొంచెం ఎక్కువ దిగుతుంది. స్టార్ట్ చేస్తే గాలి నింపే కంప్రెసర్ మోగి ఒక నిమిషంలో లేస్తుంది. లేచాక కూడా ఆ మూల కాస్త వంగినట్టే నా కంటికి కనిపిస్తోంది.

ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే స్కానర్ పెట్టి, "ముందు రెండు స్ట్రట్లు, కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ అన్నీ మార్చాలి" అన్నారు. ఎస్టిమేట్ 4 లక్షల 10 వేలు. స్ట్రట్ అంటే గాలి సంచి, షాక్ కలిసిన కాలు, వాల్వ్ బ్లాక్ అంటే ఏ మూలకు గాలి పోవాలో తెరిచి మూసే భాగం అట. బండిని లిఫ్ట్ కూడా ఎక్కించలేదు. రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

ఆటోనగర్_అన్న | శనివారం రాత్రి 9:50

తమ్ముడూ, ఇప్పుడే ఏ పార్టూ కొనకు. నువ్వు కొనాల్సింది ఒక టేపు మాత్రమే. విజయవాడ ఆటోనగర్‌లో పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ఎయిర్ బండ్లలో చాలావాటికి అప్పటికే ఎక్కడో ఒక స్ట్రట్ మార్చి ఉంటారు. అయినా బండి వంగే ఉంటుంది.

చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా పైకి, ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు వరకు కొలువు. నేల నుంచి కొలవకు, టైరు గాలి తేడా అందులో కలిసిపోతుంది. నాలుగు మూలలూ మిల్లీమీటర్లలో రాసుకో. నేల చదునుగా ఉండాలి. మీ సెల్లార్‌లో నీళ్లు పోవడానికి వాలు ఇచ్చి ఉంటారు, అది చూసుకో. బండిలో మనుషులు, సామాను ఉండకూడదు. తలుపులన్నీ మూసి, స్టీరింగ్ నేరుగా పెట్టు.

రెండు సార్లు కొలవాలి. ఇంజిన్ నడుస్తూ, బండి తనంతట తాను సర్దుకున్నాక ఒకసారి. రాత్రంతా ఆగాక, పొద్దున తలుపు తీయకముందు ఇంకోసారి. తలుపు తీస్తే సస్పెన్షన్ కంప్యూటర్, అదే కంట్రోల్ యూనిట్, మేలుకుని సర్దడం మొదలుపెడుతుంది, నీ లెక్క పాడవుతుంది.

నీ పోస్టులో రెండు జబ్బులున్నాయి, నువ్వు ఒకటే అనుకుంటున్నావు. నిద్రలో దిగడం గాలి సమస్య. మేలుకుని ఉన్నప్పుడు కూడా వంగి ఉండడం వేరే సమస్య కావచ్చు. రెండూ కలిపి చూస్తే ఏ పార్టు మార్చినా సగమే నయమవుతుంది.

సాగరతీరం | శనివారం రాత్రి 10:31

ఆటోనగర్_అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వైజాగ్‌లో నాకు జరిగింది రాస్తాను. నా కారు వెనక భాగం దిగిపోతుంటే కంప్రెసర్ మార్పించాను. మూడు నెలల్లో కొత్త కంప్రెసర్ కూడా పోయింది. అసలు లీకు వెనక కుడి గాలి సంచి, అదే బెలోస్‌లో ఉంది. లీకయ్యే గాలిని నింపడానికి కంప్రెసర్ రోజంతా ఆయాసపడి, వేడెక్కి కాలిపోయింది. మొదటిది పోవడానికి కారణం ఏదో, రెండోది పోవడానికీ అదే.

పాతది విప్పినప్పుడు గాలిలో తేమ పీల్చే డ్రయర్ లోపలి సిలికా గుళికలు తెల్లటి పొడిలా నలిగిపోయి ఉన్నాయి. ఆ పొడి పైపుల వెంట వాల్వ్ బ్లాక్ దాకా పోయింది. సముద్రం పక్కన ఉండేవాళ్లు డ్రయర్ సంగతి మరిచిపోవద్దు. గాల్లో తేమ ఎక్కువ, ఆ గుళికలు తొందరగా నిండిపోతాయి.

కరీంనగర్_రైడర్ | శనివారం రాత్రి 11:05

ఇదంతా ఎందుకన్నా? ఎయిర్ తీసేసి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించు. కిట్లు దొరుకుతాయి. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అని ఎయిర్ సస్పెన్షన్ కారు వస్తే, లీకులు పడలేక చాలామంది ఓనర్లు కాయిల్ వేయించుకున్నారు. అప్పటి నుంచీ ఇదే కథ.

ఆటోనగర్_అన్న | శనివారం రాత్రి 11:20

అప్పటి రబ్బరు వేరు, ఇప్పటిది వేరు తమ్ముడూ. పైగా అప్పుడు కంప్యూటర్ లేదు. కాయిల్ వేస్తే వంగడం ఆగుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ బండి షాకులు, స్టెబిలిటీ కంట్రోలు అన్నీ ఎయిర్ లెక్కతో కట్టినవి. వెనక ఐదుగురు, డిక్కీ నిండా సామాను వేస్తే ఎత్తు నిలబెట్టే గుణం పోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చేముందు ఆర్టీఓ, ఇన్సూరెన్సు సంగతి ఆలోచించుకోవాలి. జబ్బేమిటో తెలియకుండా కాలు తీసేయమంటే నేను ఒప్పుకోను.

డిపో_మెకానిక్ | ఆదివారం ఉదయం 6:15

నమస్కారం బాబూ. ఆర్టీసీలో గరుడ బస్సుల మీద పనిచేసి రిటైరయ్యాను. కార్ల మీద పని తక్కువే చేశాను గానీ, గాలి ఎక్కడైనా గాలే.

"బండి మొత్తం దిగుతోంది" అన్నారు. దాన్ని బట్టి నాలుగు చోట్లా లీకు ఉందనుకోవద్దు. ఇప్పటి బండ్లలో కొన్నిటికి తాళం వేసి వెళ్లిపోయినా కంట్రోల్ యూనిట్ పూర్తిగా నిద్రపోదు. కొన్ని గంటలకోసారి లేచి నాలుగు మూలల ఎత్తులూ చూసుకుంటుంది. ఒక మూల దిగి ఉంటే దాన్ని పైకి లేపదు, ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి. మిగతా మూడింటి గాలి వదిలి దానితో సమానం చేస్తుంది. అలా ఒక్క మూల లీకు నాలుగు మూలల లీకులా కనిపిస్తుంది. మీ ఎస్టిమేట్‌లో అన్ని పార్టులు చేరడానికి బహుశా ఇదే కారణం.

ఈ రాత్రి బండి మామూలు ఎత్తులో ఉండగా ఇంజిన్ ఆపి, సస్పెన్షన్ ఫ్యూజు తీసేయండి. ఏది తీయాలో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. కరెంటు లేకపోతే వాల్వులు మూసుకునే ఉంటాయి, కంప్యూటర్ జోక్యం ఉండదు. అప్పుడు పొద్దునకు ఏ మూల దిగితే లీకు ఆ మూలదే. ముందు రెండూ కలిసి దిగినా, వెనక రెండూ కలిసి దిగినా వాల్వ్ బ్లాక్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. ఈ బండి ఆ మూల మీద ఇంతకుముందు ఎవరైనా చెయ్యి పెట్టారా? పాత బిల్లులుంటే వెతకండి.

మియాపూర్_వాసి | ఆదివారం ఉదయం 8:40

గురువుగారూ, మీ ప్రశ్న చదివి పాత ఫైలు తీశాను. మా బండి పాత ఓనరు అన్ని కాగితాలూ ఇచ్చారు. ముందు ఎడమ స్ట్రట్ 14 నెలల కిందట కొత్తది వేశారు! ఇప్పుడు మళ్లీ దాన్నే మార్చమంటున్నారు.

ఈ రాత్రి ఫ్యూజు తీసి చూస్తాను.

మినెసోటా_లత | ఆదివారం ఉదయం 9:02

మా ఇంట్లోనూ ఎయిర్ సస్పెన్షన్ కారే. ఇక్కడి చలికి మాకు ఎదురైంది చెబుతాను, చలి దేశాల్లో ఉండే మనవాళ్లకు పనికొస్తుంది. జనవరిలో పొద్దున కారు ఒక పక్కకు వంగి, లేవనని మొండికేసేది. మధ్యాహ్నం ఎండ పడగానే ఏమీ జరగనట్టు మామూలుగా లేచేది. లీకు కాదు, డ్రయర్ పాతబడి తేమ లోపలికి పోయింది. ఆ నీటి చుక్క వాల్వ్ బ్లాక్‌లో గడ్డకట్టి దారి మూసేసింది. డ్రయర్ మార్చి, లైన్లలో తేమ తీయించాక మళ్లీ రాలేదు. హైదరాబాద్‌లో ఇది జరగదు గానీ, తేమ చేసే నష్టం మాత్రం అక్కడా ఒకటే.

ఇంకొకటి, రాత్రికి కాస్త దిగితే కంగారు పడకండి. 40 డిగ్రీల్లో నిలిపిన బండి తెల్లారేసరికి 25 డిగ్రీలకు చల్లబడితే లోపలి గాలి ఘనపరిమాణం దాదాపు 5 శాతం తగ్గుతుంది. నాలుగు మూలలూ ఇంచుమించు సమానంగా కొన్ని మిల్లీమీటర్లు దిగడం సహజం. ఒక్క మూలే దిగితేనే లీకు.

మియాపూర్_వాసి | సోమవారం ఉదయం 7:25

లెక్కలు వచ్చాయి. చదునైన నేల కోసం మా వీధిలో పెట్రోల్ బంకు పక్కన గ్రానైట్ షాపు వాళ్లను అడిగి, వాళ్ల షెడ్డులో పెట్టాను. మా బండికి ఉండాల్సిన ఎత్తు ముందు 465, వెనక 470.

రాత్రి ఇంజిన్ నడుస్తూ: ముందు ఎడమ 452, ముందు కుడి 461, వెనక ఎడమ 466, వెనక కుడి 474.

ఫ్యూజు తీసి పది గంటల తర్వాత: ముందు ఎడమ 409, ముందు కుడి 459, వెనక ఎడమ 463, వెనక కుడి 472.

గురువుగారూ, మీరు చెప్పినట్టే అయింది. ఒక్క మూలే 43 మిల్లీమీటర్లు దిగింది. మిగతావి రెండు మూడు మాత్రమే. కానీ నాకు రాత్రి లెక్క అర్థం కావడం లేదు. ఏ మూలా సరిగ్గా లేదు. వెనక కుడి పైకి లేచి ఉంది. అక్కడ కూడా ఏదో పోయిందా?

ఆటోనగర్_అన్న | సోమవారం ఉదయం 8:10

శభాష్ తమ్ముడూ. ముందు లీకు పట్టుకుందాం, వంకర సంగతి తర్వాత.

పని మొదలుపెట్టేముందు ఒక్క విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గాలి మీద నిలబడ్డ బండి కిందికి చేతులు గానీ తల గానీ పెట్టకు. లైను ఊడితే బండి రెప్పపాటులో కూర్చుంటుంది. జాక్ మోడ్ (బండి తనంతట తాను ఎత్తు సర్దుకోకుండా ఆపే సెట్టింగు) పెట్టి, లిఫ్ట్ మీదో స్టాండ్ల మీదో కూర్చోబెట్టాకే కిందికి వెళ్లాలి. లోపల పది బార్ దాకా ఒత్తిడి ఉంటుంది, గాలి తీయకుండా ఏ ఫిట్టింగూ విప్పకూడదు. అలాగే ఖాళీ స్ట్రట్ మీద బండి బరువు దించకూడదు. ముందు గాలి పోసి, ఆ తర్వాతే చక్రం నేల మీద ఆనాలి. ఖాళీగా ఉన్నప్పుడు బరువు పడితే రబ్బరు తప్పు చోట మడతపడి, కొత్తది కూడా చిరుగుతుంది.

ఇక లీకు. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పోసుకో. రబ్బరు కింద మడత తిరిగే చోట ముందు కొట్టు, పగుళ్లు వచ్చేది ఎక్కువగా అక్కడే. మామూలు ఎత్తులో ఒకసారి, దించి ఒకసారి కొట్టు. ఎత్తు మారితే మడత చోటు మారుతుంది, పైకి ఉన్నప్పుడు మూసుకున్న పగులు దిగినప్పుడు తెరుచుకుంటుంది. తర్వాత స్ట్రట్ తల మీద పైపు బిగించే ఫిట్టింగు. అది కంటికి కనపడదు, ఫోన్ కెమెరా పెట్టి చూడు. పెద్ద బుడగలు రావాలని చూడకు. సన్నటి లీకు నాలుగైదు నిమిషాలకు తెల్లటి నురగలా పేరుకుంటుంది.

సాగరతీరం | సోమవారం ఉదయం 8:44

అక్కడేమీ కనపడకపోతే వాల్వ్ బ్లాక్ చూడాలి. గాలి బయటికి వదిలే గొట్టం చివర గ్లాసు నీళ్లలో ముంచి పెడితే, లోపలి వాల్వు కారుతుంటే బుడగలు వస్తాయి. కానీ ముందు ఫ్యూజు తీయాలి. కొన్ని బండ్లలో పీల్చేదీ వదిలేదీ ఒకే గొట్టం. మధ్యలో కంప్రెసర్ ఆన్ అయితే నీళ్లు లోపలికి లాగేస్తుంది.

డిపో_మెకానిక్ | సోమవారం ఉదయం 10:30

బాబూ, వెనక కుడిలో ఏమీ పోలేదు. ఎందుకో చెబుతాను.

బస్సుకు ఎయిర్ బెలోస్ ఎన్ని ఉన్నా ఎత్తు సరిచేసే లెవలింగ్ వాల్వులు మూడే పెడతారు. ముందు యాక్సిల్‌కు ఒకటి, వెనక రెండు. నాలుగు ఎందుకు పెట్టరని ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్‌ను అడిగాను. ఆయన ముక్కాలిపీట చూపించారు. మూడు కాళ్ల పీట ఎలాంటి నేల మీదైనా ఊగదు. నాలుగు కాళ్ల పీటకు ఒక కాలు పొట్టిదైతే ఎదురు మూల లేస్తుంది.

మీ కారుకు నాలుగు మూలలా ఎత్తు కొలిచే సెన్సార్లు నాలుగు. ఒకటి అబద్ధం చెబితే మిగతా మూడూ ఆ అబద్ధంతో సర్దుకోవాలి. బాడీ గట్టి పలక లాంటిది, ఒక్క మూలే విడిగా వంగదు. ముందు ఎడమ 13 దిగింది. దాని పక్కనున్న రెండు మూలలూ 4 చొప్పున దిగాయి. ఎదురు మూల 4 లేచింది. ఒక్క మూల తప్పు నాలుగింటికీ పంచుకుంటే ఇలాగే ఉంటుంది. మీ అంకెలు చూస్తుంటే ఆ పీటే కళ్ల ముందుకొచ్చింది.

నా మాట నిజమో కాదో తేల్చడానికి ఒక దారి ఉంది. ఇంజిన్ నడుస్తుండగా స్కానర్‌లో కనిపించే నాలుగు ఎత్తులూ రాసుకుని, అప్పుడే టేపుతో కొలవండి. స్కానర్ కూడా తక్కువ చూపిస్తే గాలి చాలడం లేదు. స్కానర్ బాగానే ఉందంటూ టేపు కాదంటే సెన్సార్, లేదా దాన్ని కింది ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చేయి)కు కలిపే లింకు కడ్డీ తప్పు. ప్రెషర్లు చూపిస్తే అవీ రాయండి.

మియాపూర్_వాసి | మంగళవారం రాత్రి 9:35

ఈ రోజు సెలవు పెట్టి కూకట్‌పల్లిలో ఒక చిన్న గ్యారేజీకి వెళ్లాను. అక్కడి మెకానిక్ ఓపికగా గంటన్నర ఇచ్చాడు.

లీకు దొరికింది! స్ట్రట్ రబ్బరు శుభ్రంగా ఉంది. స్ట్రట్ తల మీద ఫిట్టింగు చుట్టూ ఐదు నిమిషాలకు కాస్తంత నురగ తేలింది. గాలి తీసి విప్పి చూస్తే పైపు చివర ఏటవాలుగా కోసి ఉంది. పాత స్ట్రట్ మార్చినప్పుడు కత్తెరతో కోసినట్టున్నారు. ఐదు మిల్లీమీటర్లు వెనక్కి పదునైన కట్టర్‌తో నిటారుగా కోసి, కొత్త ఫిట్టింగు వేశాం. 900 రూపాయలు.

ఇక స్కానర్. ముందు ఎడమ 469, ముందు కుడి 461, వెనక ఎడమ 466, వెనక కుడి 474. టేపుతో కొలిస్తే మూడు అవే అంకెలు. ముందు ఎడమ మాత్రం 452. పదిహేడు మిల్లీమీటర్ల అబద్ధం.

ప్రెషర్లు బార్లలో: ముందు ఎడమ 7.9, ముందు కుడి 9.4, వెనక ఎడమ 7.8, వెనక కుడి 6.4.

డిపో_మెకానిక్ | మంగళవారం రాత్రి 10:02

ప్రెషర్లు చూశారా బాబూ? ముందు ఎడమ, వెనక కుడి తక్కువ. ముందు కుడి, వెనక ఎడమ ఎక్కువ. బరువంతా ఒక కర్ణం (ఎదురెదురు మూలల జత) మీద కూర్చుంది. ఒక కర్ణం నింపడం, ఇంకో కర్ణం వదలడం, ఇన్నాళ్లూ మీ కంప్రెసర్ ఆ పోరాటంలోనే ఉంది. రేపు ఎడమ, కుడి సెన్సార్ లింకులు పక్కపక్కన ఫోటో తీసి పెట్టండి.

మియాపూర్_వాసి | బుధవారం మధ్యాహ్నం 1:18

ఫోటోలు పెట్టాను. కుడి లింకు కడ్డీ సూటిగా ఉంది. ఎడమది విల్లులా వంగింది. స్ట్రట్ దింపేటప్పుడు దాన్ని విప్పకుండా, కింది ఆర్మ్‌ను అలాగే బలవంతంగా కిందికి నొక్కారని మెకానిక్ అంటున్నాడు. క్యాలిబ్రేషన్‌లోనే (అంటే కంప్యూటర్‌కు అసలు ఎత్తు చెప్పి సరిచేయడంలోనే) ఆ 17 సర్దేస్తే సరిపోతుంది కదా అన్నాడు. సరిపోతుందా?

ఆటోనగర్_అన్న | బుధవారం మధ్యాహ్నం 2:05

వద్దు. వంగిన కడ్డీకి ఒక ఎత్తులో 17 తేడా వస్తే, బండి పైకి లేపినప్పుడు 25 రావచ్చు, దించినప్పుడు 8 రావచ్చు. ఒక్క ఎత్తులో సరిచేస్తే మిగతా ఎత్తుల్లో తప్పే మిగులుతుంది. కొత్త లింకు వేసి, ఆ తర్వాతే క్యాలిబ్రేట్ చేయించు. టైర్లలో గాలి సమానంగా పెట్టి, నువ్వు టేపుతో కొలిచిన అంకెలే స్కానర్‌లో ఇవ్వాలి. చాలాచోట్ల కొలవకుండానే కంపెనీ అంకెలు కొట్టేసి ఓకే నొక్కుతారు, దగ్గరుండి చూసుకో.

స్ట్రట్ మార్చినవాళ్లు కింది ఆర్మ్ బోల్టులు చక్రం వేలాడుతుండగానే బిగించి ఉంటారు. వాటిని వదులు చేసి, బండి మామూలు ఎత్తులో ఉండగా మళ్లీ బిగించమను. మామూలు కారులో ఆర్మ్ కీలులోని రబ్బరు బుష్ మెలిపడితే ఎత్తులోనే తెలుస్తుంది. ఎయిర్ బండి దాన్ని గాలితో కప్పేస్తుంది, ప్రెషర్‌లోనే బయటపడుతుంది.

కరీంనగర్_రైడర్ | బుధవారం సాయంత్రం 6:40

కాయిల్ వేయించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా మామయ్య కారుకు కూడా ఇలాగే వెనక ఎడమ దిగుతోంది. ఆదివారం టేపు తీసుకుని వెళ్తున్నాను.

మియాపూర్_వాసి | శుక్రవారం ఉదయం 7:50

కొత్త లింకు 2,400, క్యాలిబ్రేషన్‌కు, బోల్టులు మళ్లీ బిగించడానికి కలిపి 3,500 అయింది. ఎస్టిమేట్‌లో ఉన్న ఏ పార్టూ మార్చలేదు. ఆటోనగర్ అన్నా, గురువుగారూ, సాగరతీరం గారూ, లత గారూ, మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

నిన్న రాత్రి ఇంజిన్ నడుస్తూ: 464, 466, 470, 471. టేపూ స్కానరూ ఒకటే మాట. ప్రెషర్లు ముందు 8.7, 8.6, వెనక 7.1, 7.1.

ఫ్యూజు తీసి పది గంటల తర్వాత ఈ పొద్దున: 462, 464, 468, 469.

డిపో_మెకానిక్ | శుక్రవారం ఉదయం 8:15

చాలా సంతోషం బాబూ. ఆ కంప్రెసర్ 14 నెలలు రెండింతల పని చేసింది. వానలు మొదలయ్యేలోపు డ్రయర్ విప్పి గుళికలు చూపించండి, కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే రిలే కూడా కొత్తది వేయించండి. ఫ్యూజు మళ్లీ పెట్టారు కదా?

మియాపూర్_వాసి | శుక్రవారం ఉదయం 8:21

పెట్టాను గురువుగారూ. డ్రయర్‌కు వచ్చే శనివారం టైము తీసుకున్నాను.